ఐదో టైరు

"నీ కారుకున్నవి టైర్లు కావు అవిరా చేట్టా, బోడిగుండ్లు," అన్నాడు టైర్ల షాపు పోతన్. "వాన మొదలయ్యాక పాలాలో బ్రేకు వేస్తే కోట్టయంలో ఆగుతావు."

"అందుకే కదా నీ దగ్గరికొచ్చింది," అని డిటెక్టివ్ ఇట్టియవిర పకపకా నవ్వి, షాపు ముందున్న బల్ల మీద తీరిగ్గా కూర్చున్నాడు.

అప్పుడు టైం పదకొండూ నలభై. టాక్సీ డ్రైవర్ వర్కీ నిన్న సాయంత్రం నుంచి పాలా పోలీస్ లాకప్‌లో ఉన్నాడు. ఈ రోజు సాయంత్రం నాలుగింటికి అతన్ని మెజిస్ట్రేటు ముందు నిలబెడతారు. నిలబెడితే జైలే. పదహారేళ్లుగా టాక్సీ స్టాండులో అతనిదైన చోటు తెల్లారేసరికి ఇంకొకరి పాలవుతుంది. దొంగ అన్న పేరు మాత్రం ఎవరూ తీసుకోరు, అతనికే ఉండిపోతుంది. మిగిలింది నాలుగు గంటల ఇరవై నిమిషాలు. అంత తక్కువ వ్యవధిలో ఈ పెద్దమనిషి టైర్లు బేరమాడుతూ కూర్చునేసరికి, ఫియట్ వెనక సీట్లో ఉన్న వర్కీ భార్య రాహేలుకి ఒళ్లు మండిపోయింది.

"చేట్టా! నా మొగుడు లోపలుంటే నువ్వు కారుకి సోకులు చేయిస్తున్నావా?"

"నీ మొగుడు లోపలికి పోయింది టైర్ల వల్లే కదా చేచ్చీ. బయటికి రావలసింది కూడా వాటి మీదే. కాసేపు ఓపిక పట్టు."

ఇట్టియవిరకి యాభై తొమ్మిదేళ్లు. ఊరందరికీ అతను చేట్టా, అంటే అన్న; అతనికి ఆడవాళ్లందరూ చేచ్చీలు, అంటే అక్కలు. ముప్పై ఏళ్లు రబ్బరు సొసైటీలో షీట్లకి గ్రేడు వేశాడు. షీటుని వెలుతురుకి పట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది ఎవరి తోటది, ఎన్ని రోజులు పొగలో ఆరింది, ఎందులో నీళ్లు కలిపారు అన్నీ చెప్పేసేవాడు. రిటైరయ్యాక మనుషుల్ని కూడా అలాగే చూడటం మొదలుపెట్టాడు. ఇంటి ముందు వేలాడేసిన డిటెక్టివ్ బోర్డు చూసి ఊరంతా నవ్వింది. రెండు కేసులు తేల్చాక నవ్వడం మానేసింది, సర్కిల్ ఇన్‌స్పెక్టర్ భార్గవన్ మాత్రం పళ్లు నూరడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు భార్గవన్ కేసు ఇది. కొండ మీద తోట యజమాని కోరా ముదలాళి రబ్బరు ఆరబెట్టే పొగగదిలోంచి సోమవారం రాత్రి ఆరు కట్టల రబ్బరు షీట్లు పోయాయి. మంగళవారం పొద్దున్నే చూస్తే ముందు వాకిట్లో బంకమట్టి మీద కొత్త టైర్ల గుర్తులు. గజకేసరి టైరు, మూడు వంకీల కొత్త డిజైను, అంబాసిడర్ సైజు. ఆ డిజైను పాలాకి మొదటిసారిగా వచ్చింది సోమవారమే. వచ్చిన నాలుగింటినీ కొన్నవాడు వర్కీ. ఇంకేం కావాలి?

పోతన్ ఒక టైరుని దొర్లించుకుంటూ తెచ్చి ముందు నిలబెట్టాడు. ఇట్టియవిర దాన్ని పసిబిడ్డని అందుకున్నట్టు ఒళ్లోకి తీసుకున్నాడు. బొటనవేలి గోరుతో గుచ్చి చూశాడు, వాసన చూశాడు.

"పోతా, ఇది కొత్తదా?"

"పైన కాగితం కూడా చింపలేదు!"

"కాగితం కొత్తదేలే. పాత టైరుకి కొత్త పొర అంటించి, కొత్త కాగితం చుట్టావు. లోపలి రబ్బరుకి నా రెండో అల్లుడి వయసు ఉంటుంది. ఇంకోటి తియ్."

పోతన్ ఏమాత్రం సిగ్గుపడకుండా నవ్వి, "నీ ముక్కు మీద పిడుగు పడ," అంటూ రెండోది తెచ్చాడు. ఇది నిజంగా కొత్తది. ఒంటినిండా సన్నటి రబ్బరు మీసాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. ఇట్టియవిర నడిమధ్యలో ఉన్న ఒక మీసాన్ని వేలితో మీటాడు.

"ఇవి ఎన్నాళ్లుంటాయి?"

"పక్కనున్నవి నెల్లాళ్లు వేలాడతాయి. నేలకి తగిలే నడిమీసాలు ఎంతసేపు? మన కొండరోడ్డు ఎక్కితే చాలు, గులకరాళ్లు క్షవరం చేసి పంపిస్తాయి."

"వర్కీ కూడా ఇలాగే అడిగాడా?"

"వాడా! మూడు రోజులు నా ప్రాణం తోడేశాడు. శనివారం వచ్చి అన్నీ వాసన చూశాడు. ఆదివారం చర్చి నుంచి సరాసరి వచ్చి మళ్లీ చూశాడు. సోమవారం నాలుగున్నరకి లారీ దిగితే, ఐదున్నరకి నాలుగూ బిగించుకుని పోయాడు. వాడు టైర్లు కొంటున్నాడని ఊళ్లో తెలియనివాడు లేడు."

"కొత్త డిజైను పెద్ద సైజువి ఎన్ని దిగాయి?"

"చెప్పానుగా, నాలుగే." పోతన్ ఆ మాట అంటూనే టైరు మీద లేని దుమ్ము దులిపాడు.

ఇట్టియవిర అది గమనించాడు గానీ పైకి ఏమీ అనలేదు. "ఇలాంటివే మా ఫియట్ సైజువి రెండు, ముందు చక్రాలకి బిగించు. ఈలోగా టీ తాగొస్తా," అని లేచాడు.

రోడ్డుకి అవతల పిట్టగోడ మీద నీలం చొక్కాల హమాలీలు నలుగురు కూర్చుని చీట్లాడుతున్నారు. వాళ్ల మేస్త్రీ తంగప్పన్ చూస్తూనే జరిగి చోటిచ్చాడు. ఇట్టియవిర అందరికీ పాలు లేని టీ, అరటిపండు బజ్జీలు చెప్పాడు.

"తంగప్పా, సోమవారం పోతన్ లారీని మీరే దించారా?"

"మేమెందుకు దించుతాం చేట్టా? వాడి మనుషులే దించారు. మేం చూశాం."

"కూలి?"

"చూసినందుకు కూలి. నోక్కుకూలి వదులుకుంటామా?" తంగప్పన్ మీసం దువ్వాడు. "మా అడ్డాలో మేం ఉండగా వేరేవాడు బరువు దించితే మాకు చూపుకూలి రావలసిందే. ఊరికే తీసుకోం. కళ్లార్పకుండా చూస్తాం, చిత్తశుద్ధితో చూస్తాం. ఒక్కో టైరుకీ లెక్కే."

రాహేలు కారు దిగి వెనకే వచ్చింది. ఆ మాట విని, "పని చెయ్యకుండా కూలా! సిగ్గు లేదా?" అంది.

"ఆగు చేచ్చీ," అన్నాడు ఇట్టియవిర. అతని కళ్లు మెరిశాయి. "ఊళ్లో అందరూ ఏదో పని చేసుకుంటూ చూస్తారు, అందుకే సగం చూస్తారు. చూడటమే పనిగా చూసినవాళ్లు ఈ నలుగురే. తంగప్పా, ఆ మూడు వంకీల డిజైను, పెద్ద సైజువి, ఎన్ని?"

"ఐదు," అన్నాడు తంగప్పన్.

"ఐదు," అన్నారు చీట్లలోంచి తల ఎత్తకుండానే మిగతా ముగ్గురూ.

"నాలుగు వర్కీ కారెక్కాయి. ఐదోది?"

"ముందు గుమ్మంలోంచి బయటికి రాలేదు. వస్తే మేం చూసేవాళ్లం."

"వెనక గుమ్మంలోంచి?"

తంగప్పన్ కాస్త నొచ్చుకున్నాడు. "వెనక గుమ్మానికి మాకు కూలి ఇవ్వలేదు చేట్టా. కాబట్టి అటు చూడలేదు."

ఇట్టియవిరకి నవ్వాగలేదు. టీ పొలమారింది. రాహేలు అతని వీపు మీద రెండు చరిచింది, ఆ చరుపుల్లో సగం కోపమే.

తిరిగొచ్చేసరికి ముందు చక్రాలు రెండూ సిద్ధం. "పోతా, ఐదో టైరు ఏది?" అన్నాడు ఇట్టియవిర, చిల్లర అడిగినంత మామూలుగా.

పోతన్ నల్లబడ్డాడు. "తంగప్పన్‌కి లెక్కలు రావు."

"వాడొక్కడికే కాదు, నలుగురికీ రావన్నమాట. నలుగురూ ఒకేలా తప్పారు."

కారు కదులుతుంటే అద్దంలో కనబడింది: పోతన్ ఒక్క ఉదుటున లోపలికి దూరి టెలిఫోన్ అందుకున్నాడు. టైం ఒంటిగంటా పది.

"ఎవరికి చేస్తున్నాడు?" అంది రాహేలు.

"మనకంటే ముందు వార్త చేరవలసినవాళ్లకి. గట్టిగా పట్టుకో."

పాలా నుంచి కోరా తోట తొమ్మిది కిలోమీటర్లు, చివరి మూడూ గులకరాళ్ల కొండరోడ్డు. కొత్త ముందు టైర్లు మేకల్లా ఎక్కుతుంటే, వెనకున్న బోడిగుండ్లు రెండుచోట్ల జారి రాహేలు చేత ఏసుప్రభువుని తలపించాయి. దారిలో ఒకచోట రోడ్డుకి అడ్డంగా పడిన పనసకొమ్మని ఇద్దరూ కలిసి లాగేసరికి అరగంట పట్టింది. తోట గేటు దగ్గర ఆగేసరికి రెండూ ఇరవై.

అక్కడ పోలీసు జీపు అప్పటికే ఉంది. ఇన్‌స్పెక్టర్ భార్గవన్ గేటుకి అడ్డంగా, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. పక్కనే తెల్ల పంచెలో కోరా ముదలాళి. అరవై ఐదేళ్ల మనిషి, నాలుగు తరాల రబ్బరు తోట, రబ్బరు పెంపకందారుల సంఘానికి అధ్యక్షుడు. కొండ మీద చిన్న చిన్న తోటలవాళ్లందరూ ప్రతి బుధవారం పచ్చి షీట్లు తెచ్చి అతని పొగగదిలోనే ఆరబెట్టుకుంటారు. రాహేలు కూడా ఇంటి వెనకున్న అరవై చెట్లకి తనే గాటుపెట్టి, షీట్లు చేసి ఇక్కడికే తెస్తుంది.

"రండి, రండి షెర్లాక్‌లకి మేనమామ గారూ," అన్నాడు భార్గవన్. "మీరొస్తున్నారని ముదలాళి ఫోన్ చేసి చెప్పారు. గుర్తులు చెడగొట్టడానికా?"

"నేనొస్తున్నట్టు ముదలాళికి ఎవరు చెప్పారో అడిగావా సారే?"

భార్గవన్ ఒక్క క్షణం కోరా వంక చూసి, మళ్లీ మీసం సర్దుకున్నాడు. "నా దగ్గర గుర్తుల సున్నపు అచ్చు ఉంది. కొత్త టైరు. నడిమధ్య మీసాలతో సహా దిగింది. అంత శుభ్రంగా తీశాను."

"మీసాలతో సహానా? ఆ మాటొక్కటి చాలు. సారే, ఇటు రా. నా కారు ముందు టైరు చూడు. ఒంటిగంటకి పోతన్ దగ్గర బిగించా. అప్పుడు మీసాలు నిక్కబొడుచుకున్నాయి. ఇప్పుడు వెతుకు."

భార్గవన్ అయిష్టంగానే వంగాడు. టైరు అంచుల్లో మీసాలు వేలాడుతున్నాయి. నడిమధ్య మాత్రం మొండి చుక్కలు, అంతే.

"తొమ్మిది కిలోమీటర్లకే నున్నగా అయిపోయింది. వర్కీ ఎటు నుంచి వచ్చినా ఈ కొండెక్కే రావాలి. మరి నీ దొంగ టైరుకి మీసాలెలా మిగిలాయి? ఆ టైరు రోడ్డు మీద నడవనే లేదు."

"ఒక్కో టైరు ఒక్కోలా అరుగుతుంది. వెంట్రుకలు లెక్కపెట్టి దొంగని వదలమంటావా?" అని కసిరాడు భార్గవన్. "కోర్టులో మంగలిని సాక్షికి పిలవాలా?"

"సరే, వెంట్రుకలొద్దు. టార్పాలిన్ తియ్యి."

వాకిట్లో టార్పాలిన్ ఎత్తారు. గేటు నుంచి పొగగది తలుపు దాకా రెండు గీతలు, అక్కడ మలుపు తిరిగి మళ్లీ గేటు దాకా రెండు గీతలు. అంచుల్లో ఈనెల చీపురుతో ఊడ్చిన జాడ. దొంగ తన అడుగులు ఊడ్చుకుని, టైరు గుర్తులు మాత్రం ముగ్గులా వదిలేసి పోయాడన్నమాట. ఇట్టియవిర పంచె ఎగ్గట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. చూపుడువేలు గుర్తులో పెట్టాడు. గోరు మునిగింది, అంతే.

"చేచ్చీ, నేను కారుని ఈ గుర్తుల పక్కనే నడుపుతా. నువ్వు దిగు. ఖాళీ కారే ఎక్కిద్దాం."

"నా సాక్ష్యం మీద కారెక్కిస్తావా!" భార్గవన్ అడ్డం వచ్చాడు.

"పక్కన సారే, మూరెడు ఎడంగా. నీ సాక్ష్యానికి చీమైనా కుట్టదు."

ఫియట్ మెల్లగా వెళ్లి, తలుపు దగ్గర మలుపు తిరిగి, వెనక్కి వచ్చింది. ఇట్టియవిర దిగి, మళ్లీ వేలు పెట్టాడు. రెండు కణుపులు మునిగాయి.

"ఖాళీ ఫియట్ రెండు కణుపులు దిగింది. పైగా నిన్నటి నుంచి ఈ మట్టి ఎంతో కొంత ఆరింది కూడా. ఆరు కట్టల షీట్లు మోసిన అంబాసిడర్ గోరంత దిగిందా? అది కారా, కాగితం పడవా?"

భార్గవన్ వంగి రెండు గుర్తుల్లోనూ తన వేలు పెట్టి చూశాడు.

"ఇప్పుడు మలుపు చూడు. నా కారు తిరిగినచోట గీతలెన్ని?"

ఇన్‌స్పెక్టర్ పెదాలు కదిలాయి. "నాలుగు."

"కారు మలుపు తిరిగితే వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో పోవు, లోపలగా పోతాయి. అందుకే నాలుగు. నీ దొంగకి ఎన్ని?"

"రెండు," అంది రాహేలు. నిన్నటి నుంచి మొదటిసారి ఆమెకి ఏడుపు కాకుండా ఆశ వచ్చింది.

"రెండే. పైగా ఆ గీతల మధ్య ఎడం ఒకచోట బారెడుంది, ఒకచోట దగ్గరైంది. ఇక్కడికి ఏ కారూ రాలేదు సారే. ఎవరో ఒక కొత్త టైరుని చేత్తో దొర్లించారు, ఒకసారి ఇటు, ఒకసారి అటు. ఆ మనిషికి వర్కీ ఏ టైర్లు కొంటున్నాడో తెలుసు. ఊరంతటికీ తెలుసు కాబట్టి అది పెద్ద విద్యేం కాదు. ఐదో టైరుని పోతన్ వెనక గుమ్మంలోంచి తెప్పించాడు."

భార్గవన్ అహంకారి, కానీ మూర్ఖుడు కాదు. తన సున్నపు అచ్చు వంక, మలుపు వంక మార్చి మార్చి చూశాడు. మెడ ఎర్రబడింది. "సరే. ఆ ఐదో టైరు ఏది? అది దొరక్కపోతే నీ కథ కథే. ఇప్పుడు మూడు దాటింది. నాలుగింటికి నేను వర్కీని తీసుకెళ్లక తప్పదు."

"మీనచ్చిల్ ఏట్లో పారేసి ఉంటాడు ఎవడో," అన్నాడు కోరా.

"ఇంకెవడైనా అయితే పారేసేవాడే," అన్నాడు ఇట్టియవిర. "వేరే ఊరివాడైతే కాల్చేసేవాడు. కానీ మన కొండవాడు కొత్త రబ్బరు పారేస్తాడా చేట్టా? చిప్పలో ఎండిపోయిన చారెడు రబ్బరు పాలు కూడా గీకి సంచిలో వేసుకునే జాతి మనది. ఎండలో కూడా పెట్టం, పగులుతుందని. కడిగి, తుడిచి, నీడలో వేలాడదీస్తాం. ఈ తోటలో నీడ ఎక్కడుంది?"

అందరి చూపూ పొగగది మీదికి పోయింది.

"తలుపు తియ్యడానికి లేదు," అన్నాడు కోరా గబగబా. "లోపల పొగ పెట్టాను. గాలి తగిలితే అందరి షీట్లూ పాడవుతాయి."

ఇట్టియవిర తలెత్తి కప్పు కింద వరసగా ఉన్న పొగ కన్నాలు చూశాడు. ముప్పై ఏళ్లు అతను చూసింది ఆ కన్నాలే. "చేట్టా, వచ్చి నలభై నిమిషాలైంది. పొగ పెట్టావంటున్నావు, ఒక్క తీగైనా పైకి రాలేదు. గోడ ముట్టుకో సారే, చల్లగా ఉంది."

భార్గవన్ గోడ ముట్టుకున్నాడు. తర్వాత చెయ్యి చాపాడు. "తాళం."

కోరా కదల్లేదు. ఇన్‌స్పెక్టరే అతని మొలలో ఉన్న తాళం తీసుకుని తలుపు తెరిచాడు.

లోపల వెదుళ్ల మీద రెండు వరసల షీట్లు, పైనుంచి కింద దాకా, తేనెరంగులో తెరల్లా వేలాడుతున్నాయి. వాటిని తప్పించుకుంటూ ఇట్టియవిర ముందు దూరాడు. వెనకే భార్గవన్, వెనకే రాహేలు. మూడో వరస దగ్గర ఇట్టియవిర ఆగిపోయాడు. పొద్దున్నుంచి నవ్వుతున్న మనిషి ముఖంలో నవ్వు పోయింది.

టైరు అక్కడే ఉంది. శుభ్రంగా కడిగి, తుడిచి, ఒక వెదురుకి వేలాడదీశారు. నడిమీసాలన్నీ నిక్కబొడుచుకునే ఉన్నాయి, వాటి మొదట్లో ఇంకా కాస్త బంకమట్టి. కానీ దాని చుట్టూ ఏమీ లేదు. మూడో వరస, నాలుగో వరస, గోడ దాకా పదహారు వరసలు, అన్నీ ఉత్త వెదుళ్లే.

"నా వెదురు," అంది రాహేలు. ఎర్రగుడ్డ పీలిక కట్టిన వెదురు దగ్గరికి వెళ్లి చేత్తో తడిమింది. "చేట్టా, ఇక్కడ నావి ఎనభై నాలుగు షీట్లుండాలి. మూడు నెలలవి."

కోరా గుమ్మంలోనే కూలబడ్డాడు.

"ఆరు కట్టలు కాదన్నమాట," అన్నాడు భార్గవన్ నెమ్మదిగా. "నిన్న కూడా పొగ పేరు చెప్పే నన్ను గుమ్మంలో ఆపావు. అందరివీ అమ్ముకున్నావు. ముందు ఒక దొంగని తయారుచేస్తే, వాడు జైల్లో ఉండగా ఒక్కొక్కటే బయటపెట్టి అన్నీ వాడి నెత్తిన రుద్దొచ్చు. నాతోనే రుద్దించేవాడివి."

"ఆ టైరొక్కటి పారేసి ఉంటే సరిపోయేది కదా ముదలాళీ," అన్నాడు ఇట్టియవిర. గొంతులో ఎగతాళి లేదు. చిన్నప్పటి నుంచి ఎరిగిన మనిషి.

కోరా తలెత్తలేదు. "ఏటి దాకా తీసుకెళ్లాను అవిరా. కొత్త రబ్బరు. చేతులు రాలేదు."

టైం మూడూ ఇరవై ఐదు. భార్గవన్ బయటికొచ్చి కానిస్టేబుల్‌ని కేకేశాడు. "జీపు తీసుకుని స్టేషనుకి పో. వర్కీని నా కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇప్పించు, కారు తాళం చేతికివ్వు. దారిలో పోతన్‌ని ఎక్కించుకో." తర్వాత ఇట్టియవిర వైపు తిరిగి, చాలా కష్టం మీద, "నీ ఫియట్‌లో చోటుందా? ముదలాళిని తీసుకెళ్లాలి," అన్నాడు.

"ఉంది సారే. వెనక టైర్లు బోడివి, ప్రార్థన చేసుకుంటూ కూర్చోవాలి."

రాహేలు ఏడుస్తూనే నవ్వింది. రెండు చేతులూ ఎత్తి ఇట్టియవిరకి దణ్ణం పెట్టబోయి, గేటు వైపు చూసి ఆగిపోయింది.

"చేట్టా, ఈ రోజు బుధవారం."

గేటు తోసుకుని జనం లోపలికి వస్తున్నారు. ఆడవాళ్లు, ముసలివాళ్లు, ముప్పై నలభై మంది. ప్రతివాళ్ల నెత్తి మీదా ఆ వారం పచ్చి షీట్ల మడత, ఇంకా నీళ్లోడుతూ. కోరా వాళ్లని చూసి, ఇన్‌స్పెక్టర్ కాలు పట్టుకుని, "తలుపు మూసెయ్యండి సారే, వాళ్లకి చూపించకండి," అన్నాడు.

ఎవరూ కదిలేలోపే ముందున్న ముసలమ్మ గుమ్మం దాకా వచ్చేసింది. బరువుకి మెడ వంచుకునే, ముఖమంతా నవ్వుతో అడిగింది.

"ముదలాళీ, వీటిని ఏ వెదురు మీద వెయ్యమంటావు?"